మంట ఆర్పే గ్యాస్

చిన్నప్పుడు నాకు వచ్చిన విద్య ఒక్కటే. నలుగురిలో పాట పాడమంటే గొంతు పెగిలేది కాదు. బళ్ళో పద్యం అప్పజెప్పమంటే కాళ్ళు వణికేవి. కానీ మా నాయన షాపులో ఎవరూ లేని సమయం చూసి, అగ్గిపుల్ల గీసి, సిలిండరు గొట్టం దాని ముందు పెట్టి మర కొంచెం తిప్పితే, 'స్స్' మని గ్యాస్ వచ్చి మంట ఆరిపోయేది. ఊదితే ఆరినట్టు కాదు, ఎవరో రెండు వేళ్ళతో నలిపేసినట్టు. ఆ విద్య నేను చూపించింది ఒక్క మనిషికే. మా మామకు, అంటే అమ్మ తమ్ముడికి.

నిజానికి అది నాయన విద్య. రాయదుర్గం బస్టాండు వెనక వీధిలో ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసేవాడు. ముందు షాపు, వెనక మా ఇల్లు. కూల్‌డ్రింకు షాపులవాళ్ళు, మందుల షాపులవాళ్ళు, అప్పుడప్పుడు పల్లెల నుంచి కొత్తగా ఫ్రిజ్ కొన్న పెద్దరైతులు వచ్చేవాళ్ళు. పల్లెవాళ్ళకు ఒకటే భయం.

"ఏమన్నా, ఇది వంటగ్యాస్ మాదిరి పేల్తాదా?"

నాయన జవాబు చెప్పేవాడు కాదు. బల్ల మీద ఎప్పుడూ ఉండే అగ్గిపెట్టె తీసి పుల్ల గీసి, గ్యాస్‌తో దాన్ని ఆర్పేవాడు. "సూసినావు గదప్పా. పేలేది కాదిది. ఆర్పేది." వచ్చినవాడు నవ్వి, ఇంకోసారి చూపించమని అడిగేవాడు. తొంభైల చివర్లో మా వీధిలో అంతకన్నా వింత వేరే లేదు.

మామ నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. కర్ణాటక సరిహద్దు వైపు, బస్సులో గంట దూరంలో ఉన్న పల్లెలో ఆయనకు ఆరెకరాల మెట్ట. టౌనుకు వచ్చినప్పుడల్లా తువ్వాలులో పచ్చి శెనక్కాయలు మూటగట్టుకొని మా ఇంటికి వచ్చేవాడు. నాకు పదేళ్ళప్పుడు, నాయన భోజనానికి లోపలికి వెళ్ళిన సమయంలో, మామకు ఆ విద్య చూపించాను. మామ నోరు తెరిచి చూశాడు. "మే పాపా, ఇది మా వాముల దొడ్లో పెట్టుకోవల్లనే. ఎండాకాలం ఎవడన్నా బీడీ పారేసినా బయముండదు." అప్పటినుంచి ఎప్పుడొచ్చినా మూట అమ్మ చేతికిచ్చి, నా వైపు తిరిగి ఒకటే మాట. "ఆర్పు పాపా." నేను ఆర్పేదాన్ని. ఆయన ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే చూసేవాడు. బళ్ళో నోరు విప్పలేని పిల్లకు అట్లా చూసే మనిషి ఒక్కడు చాలు.

నేను పెద్దమనిషినయ్యాక అది ఆగిపోయింది. మా వైపు మేనమామకు పిల్లనివ్వడం మామూలు. ఎవరూ నిశ్చయం చేయలేదు, ఎవరూ కాదనలేదు, అందరికీ తెలుసు. వరసైన మనిషి ముందు వయసుకొచ్చిన పిల్ల నిలబడకూడదని అమ్మ పద్ధతి. "మే, మామొచ్చినాడు, లోపలికి పో" అనేది. నేను నడవ తలుపు వెనక కూర్చునేదాన్ని. అమ్మ ముందు గదిలో రోజంతా జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరించేది. కుట్టు యూనిట్ల నుంచి కట్టలు కట్టలు ఇంటికి వచ్చేవి. మామ ఏదైనా నన్ను అడగాలంటే అమ్మను అడిగేవాడు. నేను అమ్మకు చెప్పేదాన్ని. తలుపు సందులోంచి మాటలు అందరికీ వినపడుతున్నా అమ్మ వాటిని మళ్ళీ చెప్పేది. నాకు ఆ తలుపు కష్టంగా ఏమీ లేదు. ఒళ్ళో లైబ్రరీ పుస్తకం ఉండేది. మందుల షాపువాళ్ళు ఇచ్చిన పాత సంవత్సరం డైరీల్లో తేదీలు కొట్టేసి నా రోజులు రాసుకునేదాన్ని. పెళ్ళి సంగతి మాత్రం ఆ డైరీల్లో ఎక్కడా రాయలేదు. కావాలనీ లేదు, వద్దనీ లేదు.

రెండు వేల తర్వాత పాత గ్యాస్ దొరకడం తగ్గింది. అది పైకి పోయి ఆకాశంలో ఎక్కడో బొక్క చేస్తుందని, అందుకే అన్ని దేశాలూ ఆపేస్తున్నాయని నాయన విని వచ్చాడు. "మనకు వానల్యాకపోయేది ఆ బొక్క వల్లనేనేమో" అన్నాడు. ఎవరం నవ్వలేదు. ఒకరోజు అనంతపురంలో మెకానిక్కులకు శిక్షణ పెడితే వెళ్ళి, కొత్తరకం సిలిండరు ఒకటి, ఇంగ్లీషు కాగితాలు కొన్ని తెచ్చాడు. "సదివి తెలుగులో రాసియ్యి పాపా" అని నాకిచ్చాడు.

డిక్షనరీ పక్కన పెట్టుకొని నలభై పేజీల నోట్‌బుక్‌లో రాశాను. ఈ గ్యాస్ మండుతుంది. వంటగ్యాస్‌కు కలిపినట్టు దీనికి వాసన కలపరు, కాబట్టి కారితే తెలియదు. గాలికంటే బరువు, నేలమీద, గుంటల్లో పేరుకుంటుంది. తలుపులు తెరిచి పని చేయాలి. దగ్గర్లో దీపం, బీడీ, స్విచ్చు ఏదీ ఉండకూడదు. నేను చదువుతుంటే నాయన కళ్ళు మూసుకొని విన్నాడు. అయిపోయాక లేచి షాపులోకి వెళ్ళి, ఏళ్ళ తరబడి బల్లమీద ఉన్న అగ్గిపెట్టె తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. "పొయ్యి దగ్గర పెట్టుకో" అన్నాడు. అంతే. ఆ రోజు నుంచి షాపులో ఎవరూ పుల్ల గీయలేదు. బీడీ తాగేవాళ్ళను నాయన రోడ్డు అవతలికి పంపేవాడు. ఆ విద్య పోయిందని మేమెవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతి అని కూడా అనిపించలేదు.

తర్వాతి ఏళ్ళ గురించి ఎక్కువ రాయలేను. మామ శెనక్కాయ విత్తనం వేసేవాడు, మొలక వచ్చేది, ఊడ దిగి కాయ పట్టే సమయానికి వాన ఉండేది కాదు. కాయలేని తీగ పీకి గొర్రెలకు వేసేవాడు. తువ్వాలు మూట చిన్నదై, తర్వాత మూటే లేకుండా వచ్చేవాడు. రెండు బోర్లు వేయించాడు. ఒకదాంట్లో దుమ్ము, ఒకదాంట్లో వేలు లావు నీళ్ళు. ఎద్దులను అమ్మేశాడు. తలుపు వెనక నుంచి ఆయన గొంతు వింటుంటే, మనిషి కనపడకపోయినా చిక్కిపోతున్నాడని తెలిసేది.

ఒకసారి ఆయన రాత్రి ఉండి, మర్నాడు మాసిన చొక్కా విడిచి వెళ్ళాడు. ఉతకబోయిన అమ్మ దాన్ని వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. నాకూ చూపించింది. ఏదో జిడ్డు వాసన. ఆకుదే, కానీ మా ఇంట్లో వాడే ఏ ఆకుదీ కాదు. మళ్ళీ వచ్చినప్పుడు అడిగింది.

"రేయ్, ఏం పూసుకోని తిరుగుతాండావు?"

"కంది సేన్లో కలుపు తీసినాలేక్కా."

"కలుపుకు అంత వాసన ఉంటాదా?"

"ఈ యేడు కలుపు ఒకటే బాగా పెరిగింది" అని మామ నవ్వాడు. ఆ నవ్వు అమ్మకు అర్థమైంది. నాకూ అర్థమైంది. కంది సాళ్ళ మధ్య గంజాయి మొక్కలు వేస్తున్నారన్న మాట అప్పటికే అక్కడక్కడా వినపడుతుండేది. వేలు లావు నీళ్ళకు కంది సరిగా కాయలేదు కానీ అది బతికింది.

తర్వాత నెలలో ఒక మధ్యాహ్నం మామ, నాయన ముందు గదిలో భోజనానికి కూర్చున్నారు. నేను తలుపు వెనక.

"బావా, ఒక మాట అడగల్ల."

"ముద్ద మింగి అడుగప్పా. నోట్లో పెట్టుకోని అడిగితే నాకేం తెలుస్తాది?"

"నీ గ్యాస్ ఒక సిలిండరు కావల్ల."

"యాల? ఎద్దులకు ఏసీ పెట్టిస్తావా?"

"ఎద్దులమ్మి ఏడాదాయె గదా" అన్నాడు మామ. అమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

అప్పుడు చెప్పాడు. సరిహద్దు అవతలి తట్టు మనిషి ఒకడు వచ్చాడట. ఎండిన ఆకు మూటలు కనపడతాయి, వాసనొస్తాయి, చెక్‌పోస్టుల్లో పట్టుకుంటారు. అదే నూనె తీస్తే ఒక సీసాలో పోతుంది. ఆ నూనె ఫ్రిజ్ గ్యాస్‌తో తీస్తారట. ఎట్లాగో ఆ మనిషికి తెలుసట. గ్యాస్ దొరికితే చాలట.

నాయన కంచంలో చేయి కడుక్కున్న చప్పుడు వినిపించింది.

"కంప్రెసర్ కోసి సూసినావా ఎప్పుడన్నా? లోపల నూనె తారు మాదిరి నల్లగా అయ్యుంటాది. దాంట్లో తిరిగే గ్యాస్ ఇది. ఆ మడ్డి అంతా కడుక్కోని వస్తాది. అది పీల్చేటోని ఊపిరికి పోతే వాడేం గావల్ల?"

"పీల్చేటోడు వాని పాట్లు వాడు పడతాడు బావా. నాకు ఈ యేడు ఎట్ల గడుస్తాది?"

"సంగటి లేకుంటే ఈడికొచ్చి తిను. ఇది మాత్రం వద్దు. కేసయితే నువ్వొకనివే పోవు, నన్నూ తీసకపోతావు."

"గ్యాస్ అమ్మినోనికి కేసేంది? కిరసనాయిలు అమ్మినోడు ఇల్లు కాలితే జైలుకు పోతాడా?"

"రేయ్!" నాయన గొంతు అంత పైకి లేవడం నేనెప్పుడూ వినలేదు. "ఆ పని ఇడిసిపెట్టినాకనే నా గడప తొక్కు."

మడ్డి గురించి చెప్పాడు, ఊపిరి గురించి చెప్పాడు, కేసు గురించి చెప్పాడు. మండుతుందన్న ఒక్క మాట మాత్రం ఆ మధ్యాహ్నం నాయన నోట రాలేదు. రెండేళ్ళుగా ఆయన దాంతోనే బతుకుతున్నాడు. నిప్పు కాలుతుందని ఎవరికైనా వేరే చెబుతామా?

మామ చేయి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తూ నడవ తలుపు దగ్గర ఆగాడు. అమ్మ నాయనను సముదాయిస్తోంది. మామ తలుపుకు చెప్పినట్టు మెల్లగా అన్నాడు.

"పాపా, నువ్వు పుస్తకాలు సదువుతావు గదా. ఆ మనిషి సెప్తాండాడు, వట్టి ఆకుకు కేసు ల్యాదంట. నూనె అయితే సట్టంలో ఆ మాటే ల్యాదంట. నిజమేనా? సూసి సెప్పు."

"ఊ" అన్నాను. అయిదేళ్ళలో ఆయనతో నేరుగా నేనన్న మాట అదే.

లైబ్రరీలో మూడు మధ్యాహ్నాలు కూర్చున్నాను. ఎవరినీ అడగలేక అలమార్లన్నీ వెతికితే, అట్ట ఊడిన లావుపాటి ఇంగ్లీషు చట్టాల పుస్తకం దొరికింది. లైబ్రేరియన్ దగ్గరికొచ్చి "ఏం పాపా, లాయరు చదువుతావా?" అని అడిగితే తల ఊపాను.

ఆ మనిషి చెప్పింది సగం నిజం. పూత లేకుండా ఉన్న వట్టి ఆకును, గింజను చట్టం గంజాయిగా లెక్కపెట్టలేదు. కానీ ప్రభుత్వ అనుమతి లేకుండా ఆ మొక్కను పెంచడమే నేరం. నూనె మాట లేదన్నది పూర్తి అబద్ధం. నూనె మాట అందులో స్పష్టంగా ఉంది. మొక్క నుంచి ఏ పద్ధతిలో దాన్ని వేరు చేసినా తయారు చేసినట్టే. తెలిసి కొట్టం ఇచ్చినవాడిదీ తప్పే, తెలిసి సాయం చేసినవాడిదీ తప్పే. ఏళ్ళకు ఏళ్ళు శిక్ష, పదేళ్ళ దాకా, సరుకు ఎక్కువైతే ఆ పైన కూడా. ఫ్రిజ్ గ్యాస్ అని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. గ్యాస్ గ్యాసే, తప్పు దాంతో చేసే పనిలో ఉంది.

నోటితో చెప్పే ధైర్యం లేదు కాబట్టి ఇన్‌లాండ్ లెటరు కొన్నాను. ముందు డైరీలో చిత్తు రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. పై నుంచి కింద దాకా చట్టం. చివర ఒక వాక్యం: "ఇప్పటి గ్యాస్ పాతది కాదు మామా, మండుతుంది, దీపం దగ్గర ఉండకూడదు."

శుభ్రంగా తిరిగి రాసేటప్పుడు ఆ వాక్యం వదిలేశాను.

ఎందుకు వదిలేశానో బాగా గుర్తుంది. చేయవద్దని ఇంత రాసి, చివర దీపం దూరంగా పెట్టుకో అంటే చేసుకో అన్నట్టే కదా అనిపించింది. జాగ్రత్త చెబితే ఆ జాగ్రత్తతో చేస్తాడు. చట్టం ఒక్కటే చెబితే భయపడి మానుకుంటాడు. ఇది ఒక కారణం. రెండోది, రాయడానికి సిగ్గు. కాబోయే మొగుడికి పెళ్ళాం జాగ్రత్తలు చెబుతున్నట్టు ఉంది ఆ వాక్యం. నాలుగుసార్లు చదువుకొని చెవులు వేడెక్కి, లేకుండానే మడిచి అంటించాను.

పది పన్నెండు రోజులకు మామ వచ్చాడు. నాయన మాట వల్ల గడప ఎక్కలేదు. వీధిలోనే నిలబడి అమ్మను పిలిచి, గుప్పెడు కందికాయలిచ్చాడు.

"పాపతో సెప్పక్కా, జాబు అందినాది. బాగా రాసింది. పదేండ్లంటే ఎక్కువే."

"ఏం జాబు రా? ఏం పదేండ్లు?"

"అది మా ఇద్దరి మద్దెలో" అని నవ్వి వెళ్ళిపోయాడు.

అమ్మ నన్ను ఏమీ అడగలేదు. రెండు రోజులు ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తూ తనలో తాను నవ్వుకుంది. అది ఎలాంటి జాబు అనుకుందో నాకు తెలుసు. కాదని చెప్పలేకపోయాను. నేనూ అనుకున్నాను, మానుకున్నాడని. పదేండ్లంటే ఎక్కువే అన్నాడు కదా.

ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున పదకొండు గంటలప్పుడు మామ ఊరి మనిషి ఒకడు మోటారుసైకిల్ మీద షాపు ముందు ఆగాడు. దిగకుండానే చెప్పాడు.

"అన్నా, మీ బామ్మర్ది కాలినాడు. మోటరు కొట్టంలో. ఏందో గ్యాసంట. బళ్ళారి పెద్దాసుపత్రికి తీసకపోయినారు."

నాయన అడిగిన మొదటి మాట, "సిలిండరు ఏ రంగుది?"

"నాకేం తెలుసన్నా? నల్లగా అయ్యుండాది."

నాయన పానా చేతిలో పట్టుకొనే ఆ బండి ఎక్కాడు. పానా సంగతి బళ్ళారిలో దిగాక కానీ తెలియలేదట.

జరిగింది తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఎండిన పాతబావి పక్కన, నాలుగు మెట్లు దిగువకున్న పంపుసెట్టు కొట్టం అది. వాసన బయటికి పోకుండా తలుపు వేసుకున్నారు. కరెంటు లేదు, కిటికీ లేదు, పగలే చీకటి. మామ కిరసనాయిలు బుడ్డి వెలిగించి ఒక మూల పెట్టాడు. సిలిండరు అవతలి తట్టు మనిషే తెచ్చాడు. ఆ మనిషి దారి చూసి వస్తానని బయటికి వెళ్ళాడు, కొట్టం నుంచి తలుపు ఎగిరిపడగానే అటునుంచి అటే బండి ఎక్కి పోయాడు. ఈ రోజుకూ దొరకలేదు. పోలీసులకు మిగిలింది కంది సాళ్ళలోని మొక్కలు, మసిపట్టిన పాత్రలు, మామ.

మూడో రోజు పోలీసులు షాపుకు వచ్చారు. సిలిండర్లన్నీ వీధిలో వరసగా పెట్టించారు. జనం పోగయ్యారు. నాయన కాలిన సిలిండరు తనది కాదని చెబుతున్నాడు. అది నిజం. ఒక పోలీసాయన కొత్తరకం సిలిండరును బూటుతో తిప్పి, "ఈ ఇంగ్లీషులో ఏం రాసుండాది?" అన్నాడు.

"మా పాప సదువుతాది సార్" అని నాయన నన్ను పిలిచాడు.

షాపు గడప దాటి వీధిలో అంతమంది ముందు నిలబడడం నాకదే మొదలు. వంగి చదివాను.

"గట్టిగా సదువమ్మా, నీకొక్కదానికే ఇనపడితే ఎట్ల?"

మళ్ళీ చదివాను. "బాగా మండే వాయువు. మంటకు, నిప్పురవ్వలకు దూరంగా ఉంచాలి. గాలి ఆడే చోటే వాడాలి." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జనంలో ఎవరో ముసలామె "అయ్యో, ఆ పిల్లోనికి ఎవురన్నా సదివి సెప్పింటే" అంది.

"ఇది మండుతాదని మీకు ముందే తెలుసునా?" పోలీసాయన నాయనను అడిగాడు.

"తెలుసు సార్. పాపనే తెలుగులో రాసిచ్చినాది."

ఆయన నా వైపు ఒకసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

బళ్ళారికి అమ్మతో వెళ్ళాను. తలుపు వెనక పద్ధతి ఎవరికీ గుర్తు లేదు. వార్డు వాకిట్లో బెంచీ మీద ఒక పోలీసు కూర్చొని ఉన్నాడు. లోపల మామ. మోచేతుల దాకా కట్లు, కనుబొమలు లేవు, ముఖం ఒక వైపు పొక్కిపోయి ఉంది. అయిదేళ్ళ తర్వాత ఆయన ముఖం చూడడం అదే మొదటిసారి. అమ్మ ఏడుస్తూ నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"పాపా" అన్నాడు. పెదవులు సరిగా కదలడం లేదు. "జాబు సదివినాక పది దినాలు ఊరికే ఉంటి. పదేండ్ల జైలు మతికొచ్చి. ఆపైన బోరు నిలిసిపోయె. ఇంగ ఒక్క తూరి సేసి ఇడిసిపెడదామనుకుంటి."

నేను మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాను.

"బుడ్డి దగ్గర్లో ఉండాదని ఆ మనిషి అననే అన్యాడు. నేనే ఏం కాదులే అంటి. మంట లేస్తే గ్యాసే ఆర్పుతాది గదా. నువ్వు ఎన్నితూర్లు ఆర్పి సూపించినావు."

నిష్ఠూరంగా అనలేదు. నేను చూపించిందే తాను నమ్మినట్టు, కొంచెం గర్వంగానే అన్నాడు. నా దగ్గర ఒక్క వాక్యమే ఉంది. డైరీలో ఉన్న వాక్యం.

"అది పాత గ్యాస్ మామా. ఇప్పటిది మండుతుంది."

మామ తల నా వైపు తిప్పాడు.

"గ్యాస్‌లో గూడా పాతదీ కొత్తదీ ఉంటాదా?" అన్నాడు.

ఆ తర్వాతి ఏడాది ఆసుపత్రి, సబ్‌జైలు, కోర్టు వాయిదాలు. పొలం బీడు పడింది. నాయన షాపు మళ్ళీ తెరవడానికి నెల పట్టింది. తెరిచిన రోజు నాతో తెలుగులో పెద్ద అక్షరాలు రాయించి పెయింటరుకు ఇచ్చి, గోడమీద వేయించాడు: ఇక్కడి గ్యాస్ మండుతుంది. వచ్చినవాళ్ళు అది చూసి భయపడి వెనక్కు పోతుంటే, "బయపడేదే మంచిదప్పా" అనేవాడు. ఒకసారి అమ్మతో అంటుంటే విన్నాను. "అంత మాట్లాడితి గదే ఆ పొద్దు. మండుతాదని ఒక్క మాట అనుంటే." నాకూ ఒక వాక్యం ఉందని, రాసి వదిలేశానని ఆయనకు చెప్పలేదు. ఇద్దరం ఒకే ఇంట్లో ఒకే మాటను వేరువేరుగా మోస్తున్నాం.

పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు, కాదని కూడా అనలేదు. ఎట్లా మొదలైందో అట్లాగే పోయింది. నేను ఇంట్లోనే ఉండి చదువుతున్న డిగ్రీకి మూడో ఏడు ఫీజు కట్టాను. ఆ వాక్యం వదిలేయడానికి నేను రాసుకున్న కారణాలు రెండే. మూడోది ఏమైనా ఉందా అని డైరీలో చాలాసార్లు రాయబోయాను. ఆయన మానుకున్నా మానకపోయినా నాకేమిటన్న భావం ఎక్కడో ఉండిందా? నిజంగా తెలియదు. లేదని రాయడానికి చేయి రాదు.

బెయిల్ మీద వచ్చాక మామ ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. నాయన తానే బస్టాండుకు వెళ్ళి తీసుకొచ్చి, చేయి పట్టి గడప ఎక్కించాడు. మామ చేతివేళ్ళు ఒకదానికొకటి అంటుకొని, చర్మం బిగిసి, వంగవు. అమ్మ తినిపిస్తే తిన్నాడు. మధ్యాహ్నం అమ్మ ప్యాంట్ల కట్ట ఇచ్చిరావడానికి యూనిట్‌కు వెళ్ళింది. నాయన షాపులో ఉన్నాడు. మామ పెరట్లో రాతిబండ మీద కూర్చొని, జేబులో బీడీ ఎట్లాగో రెండు అరచేతుల మధ్య పట్టి తీసి, పెదవుల్లో పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె తీయలేకపోయాడు.

నేను నడవ తలుపు వెనక ఉన్నాను. ఎవరూ పొమ్మనకపోయినా అలవాటుకొద్దీ అక్కడే కూర్చున్నాను. కొంతసేపు చూసి లేచి, పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె తీసుకొని బయటికి వెళ్ళాను. పుల్ల గీసి దగ్గరగా పెట్టాను.

మామ తల వెనక్కు లాగేసుకున్నాడు. వీపు గోడకు తగిలింది. బీడీ ఒళ్ళో పడింది. పుల్ల నా చేతిలో మండుతూనే ఉంది.

"ఆర్పు పాపా" అన్నాడు.

నోటితో ఊది ఆర్పాను.